సామ్‌లో టెంటా, ఖూరీలోనా?

హైదరాబాద్ నుంచి జైసల్మేర్ వెళ్లేవాళ్లలో చాలామంది ఇసుక దిబ్బలున్న సామ్‌లోనే టెంట్ బుక్ చేస్తారు. ఊరికి 40 కిలోమీటర్ల పైచిలుకు, మంచి రోడ్డు, వేడినీళ్లు. పెద్దవాళ్లు వెంట ఉంటే అదే సుఖం. కానీ సాయంత్రమైతే పాటల మోత, ఇసుక మీద జీపుల పరుగు.

నేనైతే ఖూరీకే ఓటేస్తాను. అదీ జైసల్మేర్ దగ్గరి ఇసుక దిబ్బల పల్లే, సందడి తక్కువ. ఆరుబయట మంచం వేయించుకుంటే అమావాస్య రోజుల్లో పాలపుంత కనిపిస్తుంది. తెల్లారి ఇసుక మీద పురుగులు నడిచిన జాడలు సన్నటి కుట్టుపనిలా ఉంటాయి. జనవరిలో మన స్వెటర్ చాలదు, రజాయి అడగండి. బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లుంటాయి.

మన కర్నూలు వైపు రోళ్లపాడులో కనుమరుగైన బట్టమేక పిట్టకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) జైసల్మేర్ దగ్గరి 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ పార్కే పెద్ద దిక్కు. దాన్ని చూడాలంటే అటవీశాఖ అనుమతితో పార్కులోని సుదాసరీ వైపు పొద్దున్నే వెళ్లాలి.