పైడితల్లమ్మ పండగలో కొన్న ఆనియన్ రింగ్స్ పిండి ఇంట్లో ఉంటే వాడకండి

విజయనగరం వాళ్లకీ, పండగకి ఊరొచ్చి తిరిగెళ్లిపోయిన చుట్టాలకీ ఈ మాట చేరాలి. మొన్న పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజుల్లో మూడు లాంతర్ల నుంచి కోట వైపు వెళ్లే దారిలో వెలిసిన దుకాణాల్లో ఒకచోట “క్రిస్పీ ఆనియన్ రింగ్స్ మిక్స్” అని అరకిలో ప్యాకెట్లు అమ్మారు. లోపలి పిండి కనిపించే ప్లాస్టిక్ కవరు, దాని మీద ఉల్లి చక్రాల బొమ్మతో ఎర్ర స్టిక్కరు, పైన రెండు స్టేప్లర్ పిన్నులు. ఆ ప్యాకెట్ మీ ఇంట్లో ఉంటే దయచేసి పిల్లలకి చేసిపెట్టకండి. అలాగని చెత్తబుట్టలో కూడా వేసెయ్యకండి. దానితో పనుంది, చెప్తాను.

తొలేళ్ల రోజు, అంటే సిరిమానుకి ముందు రోజు సాయంత్రం మా ఆడపడుచు వాళ్లు పార్వతీపురం నుంచి వచ్చారు. పిల్లల్ని తీసుకుని అమ్మవారి గుడికెళ్లి, ఆ జనంలోంచి ఎలాగో బయటపడి వస్తుంటే నలుగురూ ఆ దుకాణం ముందు ఆగిపోయారు. అక్కడ ఒకతను మూకుడు పెట్టి రింగులు వేయించి, కాగితం మీద రెండేసి పెట్టి వచ్చినవాళ్లందరికీ రుచి చూపిస్తున్నాడు. నేనూ తిన్నాను. బాగున్నాయి, అబద్ధం చెప్పను. లేత బంగారు రంగు, కొరికితే కరకర, లోపల ఉల్లిపాయ మెత్తగా తియ్యగా. “నీళ్లు కలిపి ముంచీడం, నూనెలో వేసీడం. ఇంకేటీ అక్కర్లేదమ్మా” అన్నాడు. ప్యాకెట్ 120 రూపాయలు. పిల్లలు చెయ్యి పట్టుకుని కదలనివ్వరు. రెండు ప్యాకెట్లు తీసుకుని నోట్లిచ్చాను. ఆ తోపులాటలో బిల్లు సంగతే గుర్తు రాలేదు.

అతను వేయించి పెట్టిన రింగుల పిండీ, ప్యాకెట్లో పోసి అమ్మిన పిండీ ఒకటి కాదని ఇప్పుడు నా గట్టి నమ్మకం.

మంగళవారం సిరిమాను. ఆ రోజంతా ఇంట్లో ఎవరమూ లేము. బుధవారం సాయంత్రం చుట్టాలు బయల్దేరేలోగా చేసిపెడదామని పెద్ద ఉల్లిపాయలు నాలుగు కోసి చక్రాలు విడదీసుకున్నాను. గిన్నెలో పిండి వేసి గ్లాసు నీళ్లు పోశాను. గరిటె ఇంకా పెట్టనే లేదు. పిండి అంచుల్లోంచి పచ్చని చారలు నీళ్లలోకి పాకుతూ వచ్చి, చూస్తుండగానే పైన నిలిచిన నీళ్లన్నీ నిమ్మపండు రంగైపోయాయి. పసుపు అలా కరగదు. చన్నీళ్లలో వేస్తే నలకలు నలకలుగా తేలుతుంది, కాసేపటికి అడుక్కి దిగుతుంది. రోజూ చేతిలో మెదిలే వస్తువు కదా, తెలియకుండా ఎలా ఉంటుంది. నేను అక్కడే ఆగాల్సింది. పిల్లలు వంటింటి గడప మీద కూర్చుని చూస్తున్నారు, బండెక్కే టైమవుతోంది, కలిపేశాను.

నూనెలో పడగానే రింగులు బూరెల్లా పొంగాయి. తీసి చూస్తే పైపొర స్పంజిలా నూనె పీల్చుకుంది, వేలితో నొక్కితే ప్లేటులోకి కారింది. ఒకటి కొరికి లాగితే ఉల్లిపాయ మొత్తం ఊడి నోట్లోకొచ్చి, ఖాళీ తొడుగు చేతిలో మిగిలింది. సబ్బు నాకినట్టు ఒక రుచి, దాని వెనక చేదు. పిండిలో సోడా అంతలా దట్టించారు. అయినా రంగు మాత్రం వేగాక కూడా చామంతి పువ్వులా అలాగే ఉంది.

అసలు సంగతి పట్టింది మా అత్తగారు. ఆవిడకి డెబ్బై దాటాయి. ప్లేటు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, “ఇదేటమ్మా, ఇంత సోడా ఉంది, ఇంత పచ్చగుంది, ఎక్కడా ఎర్రబడలేదేటి? ఇది పసుపు కాదు. గుంటలకి పెట్టొద్దు” అన్నారు. ఆ మాటతో నాకు గుండె జారిపోయింది. పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసి దిష్టి తియ్యని ఇల్లు మన దగ్గర ఉందా? పసుపుకి సున్నమైనా సోడా అయినా సబ్బైనా తగిలితే ఎరుపు తిరుగుతుంది. పసుపు వేసిన బజ్జీ పిండిలో సోడా ఎక్కువైతే ఎర్ర చుక్కలు తేలడం ఎన్నిసార్లు చూశామో. ఇందులో ఒక్క చుక్క కూడా లేదు.

అప్పటికే చిన్నవాళ్లిద్దరూ రెండేసి తినేశారు. ఆ రాత్రి ఒకడికి వాంతులు, రెండో పాపకి కడుపునొప్పి. ప్రయాణం ఆగిపోయింది. డాక్టరు గారు ఓఆర్ఎస్ తాగించమన్నారు, తెల్లారేసరికి ఇద్దరూ తేరుకున్నారు. పండగ మూడు రోజులూ పిల్లలు బయట తింటూనే ఉన్నారు కాబట్టి దానికి ఈ పిండే కారణమని నేను తేల్చి చెప్పను. రంగు గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే దాన్ని మూడు రకాలుగా చూశాం.

మొదటిది చెయ్యి తుడుచుకున్న తెల్ల తువ్వాలు. దాని మీద పచ్చని మరక. తడిపి బట్టల సబ్బు రుద్దాను. పసుపు మరకైతే ఆ క్షణంలోనే ఎర్రగా మారుతుంది, మీరూ చూసే ఉంటారు. ఇది మారలేదు. పచ్చగానే ఉండి, జాడిస్తే పచ్చ నీళ్లై కారింది. పక్కనే మా పోపుల డబ్బాలోని పసుపు అద్ది అదే సబ్బు రుద్దితే రక్తం చుక్కలా ఎర్రబడింది. రెండు మరకలూ పక్కపక్కన చూశాక ఇక అనుమానం లేదు.

రెండోది నీళ్ల గ్లాసు. చెంచాడు పిండి గ్లాసు చన్నీళ్లలో వేసి కదపకుండా ఉంచాం. పది నిమిషాల్లో పిండి అడుక్కి దిగింది, పైన తేరిన నీళ్లు మాత్రం పచ్చగా మెరుస్తూ ఉండిపోయాయి.

మూడోది ఇంట్లో చెయ్యకండి. మా ఆడపడుచు పెద్దకొడుకు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. కొంచెం పిండి పట్టుకెళ్లి ల్యాబులో నీళ్లు కలిపి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కలు వేశాడు. గులాబీ రంగు వచ్చింది. వీడియో కాల్లో చూపిస్తూ, “అత్తా, యాసిడ్ గట్టిగా ఉంటే పసుపుకి కూడా ఇలాంటి రంగు వస్తుంది. కానీ నీళ్లు పోసి పల్చన చేస్తే పోతుంది. ఇది చూడు, ఎన్ని నీళ్లు పోసినా పోవట్లేదు” అన్నాడు. అలా నిలిచిపోయేది మెటానిల్ ఎల్లో అనే రంగుకి గుర్తట. బట్టలకీ తోలుకీ కాగితానికీ వాడే రంగు అది, మన దేశంలో తిండిలో వెయ్యడానికి ఎంతమాత్రం అనుమతి లేదు. శనగపిండిలో, కందిపప్పులో, పసుపులో దీన్ని కలపడం పాత జబ్బే. అయితే ఇది ఫలానా రంగేనని కాగితం మీద రాసివ్వాల్సింది మాత్రం ప్రభుత్వ ల్యాబే, తన మాట సాక్ష్యం కాదని వాడు మరీ మరీ చెప్పాడు. అందుకే నేను కూడా పసుపు కాదన్నంత వరకే గట్టిగా అంటున్నాను.

శుక్రవారం పొద్దున్న ఆ దుకాణం ఉన్న చోటికి వెళ్లాను. వెదురు గుంజలు పాతిన గుంతలు తప్ప ఏమీ లేవు. పక్కన పువ్వులమ్మే ఆవిడ, “బుధవారం రాత్రే కట్టీసుకుని ఎల్లిపోనారమ్మా” అంది. స్టిక్కరు మీదున్న ఫోన్ నంబరు ఎన్నిసార్లు కొట్టినా కలవలేదు. అప్పుడు కూర్చుని ఆ స్టిక్కరు మొత్తం చదివాను. కొనేముందు చదవాల్సింది. అందులో ఏమేం కలిపారో లేదు. తయారైన నెల లేదు. ఊరు లేదు. కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు ఉంది, దాని కింద నంబరూ ఉంది, లెక్కపెడితే 11 అంకెలు. ఆ నంబరుకి 14 అంకెలుండాలి. లైసెన్సైతే 1తో, చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషనైతే 2తో మొదలవుతుంది. బొమ్మ అచ్చు వేయించి కింద నోటికొచ్చిన అంకెలు కొట్టించారన్నమాట. 500 గ్రాములన్న ప్యాకెట్ విప్పకుండా తూకం వేస్తే కవరుతో కలిపి 445 వచ్చింది.

నేను 1800112100కి ఫోన్ చేశాను, అది ఆహార భద్రత వాళ్ల టోల్‌ఫ్రీ నంబరు. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫొటోలతో ఫిర్యాదు కూడా పెట్టాను. తూకం, లేబులు సంగతులకైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. కానీ అమ్మినవాడి పేరు రాయాల్సిన చోట నేనేం రాయను? బిల్లు లేదు, నగదు ఇచ్చాను, మనిషి ఏ ఊరివాడో తెలియదు. ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం మనలాంటి కొనుగోలుదారులు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు, తప్పు తేలితే ఆ ఫీజు వెనక్కొస్తుంది. అయితే పరీక్షకి పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలట. నాలా ఇంటికొచ్చాక కళ్లు తెరిచినవాళ్లకి ఆ దారి మూసుకుపోయినట్టే. అందుకే విప్పని ప్యాకెట్ స్టీలు డబ్బాలో పెట్టి దాచాను, అధికారులు అడిగితే ఇవ్వడానికి. మీ దగ్గరున్నవీ పిన్నులు తియ్యకుండా అలాగే ఉంచండి.

ఇంత చెప్పి, పిల్లలు అడిగితే ఏం చెయ్యాలో చెప్పకపోతే బాగోదు. ఆ తర్వాతి ఆదివారం రైతుబజారులో ఉల్లిపాయలు తెచ్చి ఇంట్లోనే పిండి కలిపి చేశాను. ఈ రింగులకి మిక్స్ అనేదే అక్కర్లేదు. అరకప్పు మైదా, పావుకప్పు కార్న్‌ఫ్లోర్, రెండు చెంచాల బియ్యప్పిండి, అర చెంచా బేకింగ్ పౌడరు, ఉప్పు, కారం, కాస్త మిరియాల పొడి. అంతే. పసుపు కూడా వద్దు, వేగితే రంగు దానంతటదే వస్తుంది. కార్న్‌ఫ్లోర్ అడిగితే కొన్ని కొట్లలో పచ్చటి మొక్కజొన్న పిండి ఇచ్చేస్తారు, అది వేరు. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లగా, వేళ్ల మధ్య నలిపితే కిర్రుమనే గంజిపొడి. కరకరలాడించేది అదీ, బియ్యప్పిండీ. మైదా ఒక్కటే అయితే సాగుతుంది.

నీళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవి, బాగా చల్లనివి పొయ్యాలి. గరిటె వెనక పల్చగా పట్టేంత జారుగా ఉంటే చాలు, ఉండలు ఒకటో రెండో మిగిలినా పర్వాలేదు. చల్లని నీళ్లతో, ఎక్కువ తిప్పకుండా కలిపితే మైదాకి జిగురు రాదు, పొర తేలిగ్గా వేగుతుంది. ఉల్లిపాయ చిటికెన వేలు మందాన కొయ్యండి. ప్రతి చక్రం లోపలివైపు తడి కాగితంలాంటి సన్నటి పొర ఒకటి ఉంటుంది. గోటితో ఒక అంచు లేపి లాగితే చుట్టూ ఊడి వచ్చేస్తుంది. నాలుగు ఉల్లిపాయలకి పావుగంట పట్టే పని, కానీ కొరకగానే ఉల్లిపాయ ఊడి రావడానికి సగం కారణం ఆ పొరే, పిండి దానికి అంటుకోదు. తరవాత చక్రాలు గుడ్డతో తడి లేకుండా అద్ది, ముందు పొడి మైదాలో దొర్లించి, ఆపైన పిండిలో ముంచండి. ఇంకా గట్టిగా కరకరలాడాలంటే ఎండిన బ్రెడ్డు మిక్సీలో తిప్పి ఆ పొడి అద్దండి.

నూనె 180 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటరు లేకపోతే చుక్క పిండి వెయ్యండి, కొంచెం మునిగి వెంటనే బుడగలతో పైకి రావాలి. అడుగునే ఉండిపోతే ఇంకా కాగలేదు, పడగానే నల్లబడితే మంట తగ్గించండి. మూకుట్లో నాలుగైదు కంటే వెయ్యొద్దు. తీసినవి కాగితం మీద పరిస్తే కిందివైపు ఆవిరికి మెత్తబడతాయి. జల్లిగరిటె మీదో, చిల్లుల పళ్లెంలోనో గాలి ఆడేలా పెట్టండి.

మా అత్తగారు ఒకటి తిని, రెండోది అడిగి తీసుకున్నారు.

ఇప్పుడు నాకొక సాయం కావాలి. ఆ దుకాణంలో నాలా నోట్లు కాకుండా ఫోన్లోంచి డబ్బు కట్టినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆ చెల్లింపు వివరం ఫోన్లోంచి చెరిపెయ్యకుండా ఉంచుకోండి, 1800112100కి చెప్పండి, నాకూ ఒక మాట చెప్పండి. ఆ మనిషిని పట్టుకోవడానికి మన దగ్గర మిగిలిన ఆధారం అదొక్కటే. ఇవే దుకాణాలు తరవాత ఏ ఊరి జాతరకి వెళ్లాయో మనకి తెలీదు, శ్రీకాకుళం వైపు చుట్టాలున్నవాళ్లు ఎర్ర స్టిక్కరు ప్యాకెట్ గురించి వాళ్ల చెవిన కూడా వెయ్యండి.