తైషాన్ కొండ: కేబుల్ కారెక్కితే కనపడని శాసనం

చైనాలో షాన్‌డాంగ్ రాష్ట్రంలోని తైషాన్‌కి వచ్చేవాళ్లలో చాలామంది కింద బస్సెక్కి, కొండ సగంలో జోంగ్‌తియెన్‌మెన్ దగ్గర దిగి, అక్కణ్ణుంచి కేబుల్ కారులో పైకి పోతారు. సూర్యోదయం చూడటమే పనైతే అది చాలు. శాసనాల కోసం వెళ్తే మాత్రం ఆ దారి పట్టకండి. ఆ కొండ మీద అన్నిటికన్నా గొప్ప రాత కొండ కింది హోంగ్‌మెన్ నుంచి మెట్లెక్కే దారిలో, దోమూ గుడి దాటాక చీలే పక్కదారిలో ఉంది. బస్సు అటు పోదు.

బీజింగ్ దక్షిణ స్టేషన్ నుంచి కొండ కింది ఊరు తైఆన్‌కి వేగరైల్లో రెండు గంటలు. టికెట్టుకి, కొండ ప్రవేశానికి, బసకి అన్నిటికీ పాస్‌పోర్టే ఆధారం. యాప్‌లో ఖాయమైన ఒక చిన్న హోటల్ మమ్మల్ని చూశాక విదేశీయుల్ని తీసుకోమంది. బయల్దేరే ముందే ఫోన్ చేయించి అడగడం మేలు. తర్వాత దైమియావ్ గుడి దగ్గర దొరికిన గది శుభ్రంగా ఉంది, హోంగ్‌మెన్‌కి దగ్గర కూడా. చెల్లింపులకి అలీపేలో మన కార్డు పనిచేసింది. గూగుల్ మ్యాప్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఆ రాత సంగతి. జింగ్‌షియు లోయలో ఏటవాలుగా పరుచుకున్న ఒక పెద్ద బండ మీద వజ్రచ్ఛేదిక ప్రజ్ఞాపారమిత సూత్రం అనే బౌద్ధ గ్రంథాన్ని చెక్కారు. ఉత్తర ఛీ వంశం కాలం నాటిదంటారు, అంటే 6వ శతాబ్దం. ఒక్కో అక్షరం దాదాపు అర మీటరు. మొదట రెండు వేల ఏడొందల పైచిలుకు ఉండేవట, వాగు నీళ్లూ మనుషుల కాళ్లూ అరగదీయగా ఇప్పుడు మిగిలింది వెయ్యికి కాస్త పైన. చెక్కించినవారి పేరు లేదు, సంవత్సరం లేదు. చివరి వైపు కొన్ని అక్షరాలకి అంచుగీతలే ఉన్నాయి, లోపల తొలవలేదు. పని ఎందుకు ఆపేశారో చెప్పే ఆధారమేదీ ఆ బండ మీద లేదు. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది వాటి దగ్గరే.

మనకి ఇంకో ఆసక్తి ఉంది. ఆ రాతి మీది పాఠం కుమారజీవుడనే బౌద్ధ భిక్షువు సంస్కృతం నుంచి చైనీస్‌లోకి తెచ్చినది. బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి గ్రంథం మూలమధ్యమక కారికల్ని చైనావాళ్లకి అందించిందీ ఆయనే. నాగార్జునకొండ చూసొచ్చిన వాళ్లకి ఈ బండ పూర్తిగా పరాయిదనిపించదు.

అక్కణ్ణుంచి పైకి మెట్లు. అలిపిరి మెట్లు 3,550 అయితే ఇక్కడ హోంగ్‌మెన్ నుంచి పైనున్న నాన్‌తియెన్‌మెన్ ద్వారం దాకా ఆరు వేలు దాటుతాయి, చివరి పద్ధెనిమిది మలుపుల్లో నిట్టనిలువు. పైన దుకాణాల సరుకు కావడి మోసే కూలీల భుజాల మీద ఎక్కడం కళ్లారా చూశాక నీళ్ల సీసా ధర గురించి గొణగబుద్ధి కాలేదు. దారిలో తిండికి జియెన్‌బింగ్ దొరుకుతుంది: పూతరేకంత పలచటి అట్టు, లోపల ఉల్లికాడ. శాకాహారులు గుడ్డు, మాంసం వద్దని ముందే చెప్పాలి.

శిఖరం దగ్గర దాగ్వాన్ బండ మీద థాంగ్ చక్రవర్తి ష్వాన్‌జోంగ్ 726లో చెక్కించిన శాసనం పదమూడు మీటర్ల ఎత్తు, అంతా బంగారు పూత. ఫోటోకి బ్రహ్మాండం. నాకైతే రాజుగారి దర్పమే కనిపించింది. దానికన్నా పెద్ద గుంపు, అయిదు యువాన్ల నోటు వెనక అచ్చయిన రాయి దగ్గర ఉంది. ఆ రాయి మీది అక్షరాలు చెక్కింది 1907లోనే! నోటు పట్టుకుని ఫోటో దిగాలంటే క్యూ.

పైన రాత్రి బస ఖరీదుకి తగ్గట్టు లేదు: చెమ్మగా ఉండే గది, పల్చటి గోడలు. చలికి సైనికుల పాత కోట్లు అద్దెకిస్తారు, అవి మాత్రం పనికొచ్చాయి. మోకాళ్ల నొప్పులుంటే దిగేటప్పుడు కేబుల్ కారు ఎక్కండి, అందులో తప్పేం లేదు.

వీలైతే రైలు దిగిన పూటే దైమియావ్ చూసెయ్యండి. క్రీ.పూ. 209 నాటి ఛిన్ వంశపు శాసనంలో మిగిలిన పదక్షరాల రాతిముక్క అక్కడ అద్దం వెనక ఉంది. మర్నాడు పొద్దున్నే హోంగ్‌మెన్‌లో ఎక్కడం మొదలెడితే, ఎండ ఏటవాలుగా ఉండగానే జింగ్‌షియు చేరొచ్చు. సూర్యుడు నడినెత్తికొచ్చాక ఆ అరిగిన గీతల్ని వెతుక్కోవాల్సిందే.