చిన్న కెమెరాతో సీమ దారి: లేపాక్షి, తాడిపత్రి, బెలూం, గండికోట

లేపాక్షి కప్పు మీది బొమ్మలు, తాడిపత్రి గోపురాల చెక్కడాలు, బెలూం గుహల చీకటి, గండికోట లోయ. రాయలసీమలోని ఈ నాలుగు చోట్ల వెలుతురుకు ఒకదానితో ఒకటికి పొంతన ఉండదు. జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా ఒక్కటే పట్టుకుని బయల్దేరేవాళ్లు ఊళ్ల వరుస కన్నా ముందు ఎండ వరుస చూసుకోవాలి. ఏ పూట ఎక్కడ ఉండాలో తేలితే, ఏ రాత్రి ఎక్కడ దిగాలో కూడా తేలిపోతుంది.

ఉదయం లేపాక్షి, సాయంత్రానికి తాడిపత్రి, మర్నాడు మధ్యాహ్నం బెలూం, అదే సాయంత్రం గండికోట చేరి రాత్రి అక్కడే ఉండి తెల్లవారి లోయ చూడటం: ఇదీ సరైన వరుస. నడినెత్తిన ఎండ ఉన్న వేళ బయట ఏ ఫోటో తీసినా తెల్లబోతుంది కాబట్టి, ఆ మూడు గంటలూ గుహకే ఇవ్వాలి. గుహలో పగలైనా సాయంత్రమైనా వెలుతురు ఒక్కటే. చాలామంది పొద్దున్నే బెలూం ముగించుకుని మిట్టమధ్యాహ్నం గండికోట చేరతారు. లోయ వాళ్లకు ఫోటోల్లో చప్పగా కనిపించడానికి కెమెరా కారణం కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ దారికి మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

కెమెరా సంగతి ముందే తేల్చుకుందాం. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 (302 గ్రాములు) 24 నుంచి 200 మి.మీ. దాకా జూమ్ ఇస్తుంది, కానీ లెన్స్ ఎఫ్/2.8 దగ్గరే మొదలవుతుంది (ఎఫ్ పక్క అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్స్ రంధ్రం పెద్దదై ఎక్కువ వెలుతురు వస్తుంది). అదే వరుసలోని మార్క్ 3, 4, 5ల్లో జూమ్ 70 మి.మీ.తోనే ఆగిపోతుంది గానీ వైడ్‌లో, అంటే జూమ్ చేయకముందు, ఎఫ్/1.8 ఉంటుంది. కానన్ జీ7ఎక్స్ మార్క్ 2, 3లు కూడా ఎఫ్/1.8తోనే మొదలై 100 మి.మీ. దాకా వెళ్తాయి. ఎఫ్/2.8 దగ్గర ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం, పెరిగేకొద్దీ ఫోటోలో గరుకు పెరుగుతుంది) 3200 అడిగే చోట ఎఫ్/1.8 లెన్స్ 1250తో సరిపెడుతుంది. ఈ సోనీ, కానన్‌లలోని 1 అంగుళం సెన్సర్‌కు ఆ తేడా చిన్నది కాదు. రికో జీఆర్ 3 (257 గ్రాములు) సెన్సర్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సి సైజు. చీకట్లో మిగతావాటి కన్నా ఇదే నిలబడుతుంది. అయితే 28 మి.మీ. లెన్స్ ఒక్కటే, జూమ్ లేదు, ఫ్లాష్ లేదు. ఈ దారికి ఒక్కటే ఎంచుకోమంటే ఎఫ్/1.8 జూమ్ ఉన్నది తీసుకోవాలి. 200 మి.మీ. అవసరం గండికోటలో ఒకటి రెండు ఫ్రేములకు మించి రాదు, ఎఫ్/1.8 అవసరం మాత్రం లేపాక్షిలోనూ బెలూంలోనూ అడుగడుగునా వస్తుంది. వీటిలో ఏదీ దుమ్ముకు, నీటికి తట్టుకునేలా సీలు చేసినది కాదు.

లేపాక్షి హిందూపురానికి దాదాపు 15 కి.మీ., బెంగళూరుకు 120 కి.మీ. దూరం. వీరభద్రాలయం విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ సోదరులు కట్టించినది. అందరూ నేలకు ఆననట్టుండే వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ లాగడానికే గుమిగూడతారు. కెమెరా ఉన్నవాళ్లకు అసలు సంపద తల మీద ఉంటుంది. నాట్యమండపం కప్పు నిండా విజయనగర కాలపు వర్ణచిత్రాలే: శివపార్వతుల కల్యాణం, కిరాతార్జునీయం, మనునీతి చోళుడి కథ. వాటిలోని చీరల అంచులు, తలపాగాలు, నడుముపట్టీలు మూరకో తీరుగా ఉంటాయి. ఆ రంగులకు ఫ్లాష్ హాని చేయవచ్చంటారు, కాబట్టి మెనూలో దాన్ని పూర్తిగా ఆపేసి మరీ లోపలికి వెళ్లాలి.

తల వెనక్కి వంచి చేత్తో తీస్తే రెండు తప్పులు జరుగుతాయి. చెయ్యి కదిలి బొమ్మ అలుక్కుపోతుంది, కెమెరా ఒక పక్కకు వాలి చిత్రం చట్రం వంకర పోతుంది. చిన్న కెమెరాకు ఇక్కడ స్టాండు కన్నా మంచి మార్గం ఉంది. చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి నేల మీద వేసి, లెన్స్ పైకి చూసేలా కెమెరాను దాని మీద పడుకోబెట్టాలి. ఐఎస్‌ఓ 200, ఎఫ్/4, 2 సెకన్ల టైమర్ పెట్టి, షట్టర్ స్పీడ్ అర సెకను, ఒక సెకను వచ్చినా భయపడనక్కర్లేదు, నేల కదలదు. స్క్రీన్ కిందికి పోతుంది కాబట్టి ఫ్రేమ్ చూడటానికి ఫోన్‌లో కెమెరా కంపెనీ యాప్ కలుపుకోవాలి. గుడి దగ్గర సిగ్నల్ ఉన్నా లేకపోయినా ఈ వైఫై పనిచేస్తుంది. యాప్‌ను మాత్రం ఇంటి దగ్గరే దించుకుని ఒకసారి జత చేసి చూసుకోవాలి. కప్పు 4 మీటర్ల ఎత్తున ఉంటే 24 మి.మీ. దగ్గర 6 మీటర్ల పొడవు, 50 మి.మీ. దగ్గర 3 మీటర్లకు కాస్త తక్కువ పడుతుంది. ముందు వైడ్‌లో మొత్తం కథ, తర్వాత 50 దగ్గర ఒక్కో బొమ్మ తీసుకోవచ్చు. పక్కనుంచి వచ్చే వెలుతురు రాతి మీద పడి పసుపు తిరిగి వస్తుంది, అందుకని రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫైల్) కూడా దాచుకుంటే తర్వాత రంగు సరిచేసుకోవచ్చు. జనం నడిచే దారిలో కెమెరా నేల మీద పెట్టేటప్పుడు పక్కన ఒకరు నిలబడాలి. స్టాండు వాడాలంటే పురావస్తు శాఖ ముందస్తు అనుమతి కావాలి.

ఊరి మొగలో ఉన్న ఏకశిలా నందికి దగ్గరగా వెళ్లి వైడ్‌లో తీస్తే ముట్టె బూరెలా ఉబ్బి, వెనక భాగం కుంచించుకుపోతుంది. ఇరవై అంగలు వెనక్కి వేసి 50 మి.మీ. వాడితే మెడలో గంటల హారాలు, మూపురం అన్నీ తమ తమ కొలతల్లో కూర్చుంటాయి. ఉదయం 9 లోపే ముగించాలి. తర్వాత నీడలు నల్లబడతాయి, చెప్పులు విడిచి నడవాల్సిన గుడి బండలు కూడా కాలడం మొదలవుతుంది.

ఇక్కడ దిగడానికి ఊళ్లో పర్యాటక సంస్థ హరిత హోటల్ ఒకటి, హిందూపురంలో లాడ్జీలు ఉన్నాయి. గదుల సౌకర్యం ఒకటే చూసుకుంటే హిందూపురంలో ఎంపిక ఎక్కువ. తలుపులు తెరిచే వేళకే మండపంలో ఉండాలనుకుంటే లేపాక్షిలోనే దిగాలి. మొదటి గంటలో నేల ఖాళీగా ఉంటుంది, కెమెరాను పడుకోబెట్టడానికి ఆ గంటే కావాలి.

తాడిపత్రికి అనంతపురం మీదుగా వెళ్లాలి. అనంతపురంలో ఉగ్గాని, బజ్జీ తిని బయల్దేరితే సాయంత్రం ఎండ వాలే వేళకు బుగ్గ రామలింగేశ్వరాలయం చేరవచ్చు. (బజ్జీ నూనె వేళ్లతో లెన్స్ ముందు అద్దాన్ని తాకితే, ఎండకు ఎదురుగా తీసిన ప్రతి ఫోటోలోనూ మసక పొర కనిపిస్తుంది. కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ ఒకటి చొక్కా జేబులోనే ఉండాలి.) పెన్న ఒడ్డున ఉన్న ఈ గుడి గోపురాలు పూర్తికాలేదు, కానీ కట్టినంత మేర జానెడు రాయి కూడా చెక్కకుండా వదల్లేదు. ఇలాంటి చెక్కడానికి పక్క ఎండ కావాలి. ఎదురు ఎండలో లోతు పోయి గోడ చదునుగా వస్తుంది. ఎఫ్/4 లేదా 5.6 చాలు. 1 అంగుళం సెన్సర్‌లో ఎఫ్/8, 11 దాకా మూస్తే పదును పెరగదు సరికదా, కాంతి వంగడం వల్ల తగ్గుతుంది. చింతల వెంకటరమణ స్వామి గుడిలో రాతి రథాన్ని చూడకుండా వెళ్లొద్దు. రెండూ పూజలు జరిగే గుళ్లు, గర్భగుడి వైపు కెమెరా ఎత్తకూడదు. రాత్రికి తాడిపత్రిలోనే లాడ్జి తీసుకోవడం మంచిది. బెలూం ఇక్కడికి 30 కి.మీ. దూరమే, తిండికీ గదికీ ఇక్కడున్నంత ఎంపిక గుహల దగ్గర ఉండదు.

కెమెరాకు అసలు పరీక్ష నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలూంలో. గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు దాకా సందర్శకులను వెళ్లనిస్తారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1982, 83లలో జర్మన్ గుహా పరిశోధకుడు డేనియల్ గెబావర్ జట్టు కొలిచి పటం గీసింది. లోపల ఉక్కపోత, తేమ. గాలి పంపే గొట్టాలు ఉన్నా పది నిమిషాల్లో చొక్కా తడుస్తుంది.

ఏసీ కారులోంచి దిగి నేరుగా గుహలోకి వెళ్తే లెన్స్ మీద వెంటనే ఆవిరి పడుతుంది. చల్లగా ఉన్న అద్దానికి వేడి, తేమ గాలి తగలడమే కారణం. తుడిస్తే మళ్లీ పడుతుంది. అంతకన్నా ప్రమాదం, జూమ్ లెన్స్ బయటికి వచ్చేటప్పుడు ఆ తేమ గాలినే లోపలికి లాక్కోవడం. లోపలి అద్దాల మీద పట్టిన ఆవిరిని గుడ్డ తుడవలేదు. నివారణ సులువు. గుహకు అరగంట ముందే కెమెరాను జిప్ కవర్‌లో పెట్టి, ఏసీ తగలని సంచిలోకి మార్చాలి. బయటి వేడికి అది సర్దుకున్నాకే కవర్ తెరవాలి. అప్పటికీ మసక వస్తే ఆపేసి పది నిమిషాలు ఆగడమే మందు.

లోపలి దీపాలు పసుపు. కెమెరా తనంతట తానే రంగు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఒక ఫ్రేములో రాయిని నారింజగా, పక్క ఫ్రేములో బూడిదగా చూపిస్తుంది. తెల్ల కాగితం ఒకటి దీపం కింద పట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ కొలుచుకుంటే ఆ దీపాల వరుస అంతటికీ రంగు నిలకడగా ఉంటుంది. పూర్తిగా తెల్లగా దిద్దితే మాత్రం గుహ గుహలా అనిపించదు, కాస్త పసుపు వదిలేయాలి. షట్టర్ 1/15 సెకను, ఎఫ్/1.8, ఐఎస్‌ఓ 1600 దగ్గర మొదలుపెట్టి, మోచేతులు డొక్కలకు ఆనించి, ఒకే భంగిమలో మూడు నాలుగు ఫ్రేములు వరుసగా తీస్తే వాటిలో ఒకటి తప్పక నిలుస్తుంది. ఏపీఎస్-సి అయితే ఐఎస్‌ఓ 6400 దాకా వెళ్లొచ్చు. ఫ్లాష్ వేస్తే ముందున్న రాయి సున్నం కొట్టినట్టు తెల్లబడి వెనక అంతా నల్లగా పోతుంది, పైగా గాలిలోని తేమ చుక్కలు తెల్ల మచ్చలుగా పడతాయి.

ఫోకస్ చీకట్లో ముందుకూ వెనక్కూ వెతుకులాడుతుంది. దీపం వెలుగు, నీడ కలిసే అంచు మీద బటన్ సగం నొక్కి పట్టుకుని, తర్వాత ఫ్రేమ్ సర్దుకోవాలి. జీఆర్ 3లో స్నాప్ ఫోకస్‌ను (ముందే చెప్పిన దూరానికి ఫోకస్ నిలిపే పద్ధతి) 2 మీటర్లకు పెట్టుకుంటే ఎఫ్/2.8 దగ్గర ఒకటిన్నర నుంచి 3 మీటర్ల దాకా పదునుగా వస్తుంది. ఇరుకు దారులకు ఆ లోతు సరిపోతుంది. శివలింగాల్లాంటి రాళ్లున్న కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, 46 మీటర్ల లోతున ఉన్న నీటి పాయ పాతాళగంగ: ఈ మూడింట్లో ఫోటోకు సప్తస్వరాల గుహ కన్నా కోటిలింగాలే మేలు. రాతిని కొడితే పలికే స్వరం ఫోటోలో పడదు కదా. వంగి వెళ్లే దారుల్లో కెమెరా మెడలో వేలాడితే రాతికి కొట్టుకుంటుంది, లెన్స్ మూసి జేబులో పెట్టుకోవాలి. ఊడలు దిగినట్టున్న రాళ్ల మీద కెమెరా ఆనించొద్దు. చేతుల జిడ్డు తగిలిన చోట ఆ రాయి పెరగడం ఆగిపోతుంది.

బెలూం నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోట దాదాపు 60 కి.మీ. ఎర్రమల కొండలను పెన్న కోసిన చోట కోట ఉంది. సాయంత్రం కోట లోపలికే కేటాయించాలి: మాధవరాయ ఆలయ గోపురం, జుమ్మా మసీదు మినార్లు, ధాన్యాగారం. వాలు ఎండ గోపురం రాతికి తేనె రంగు తెస్తుంది, ఆ అరగంటను వదులుకోకూడదు. కోటలో జనం కాపురముంటున్న ఊరు ఉంది. ఇంటి ముందు కూర్చున్నవాళ్లను అడగకుండా తీయొద్దు.

తెల్లవారితే లోయ. ఆకాశం వెలుగులో, రాతి గోడలు నీడలో ఉంటాయి. రెండింటినీ ఒక్క ఫ్రేములో పట్టడం చిన్న సెన్సర్‌కు కష్టం. ఎక్స్‌పోజర్‌ను 0.7 నుంచి 1 స్టాప్ (1 స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించి రా ఫైల్‌లో తీస్తే ఆకాశం నిలుస్తుంది, నీడలను ఇంటికొచ్చాక పైకి లేపవచ్చు. తెల్లగా పోయిన ఆకాశం మాత్రం ఏం చేసినా తిరిగి రాదు. ఐఎస్‌ఓను కెమెరాలోని మూల అంకె (ఆర్‌ఎక్స్100 మార్క్ 3, 4, 5లకు 125, మార్క్ 7కూ జీఆర్ 3కూ 100) దగ్గరే ఉంచాలి. అంచున చాలాచోట్ల కంచె లేదు, గాలి బలంగా వీస్తుంది. తాడు మణికట్టుకు బిగించకుండా కెమెరా బయటికి తీయొద్దు. స్క్రీన్ చూస్తూ వెనక్కి నడవనే వద్దు.

బసలో తేడా ఎక్కువగా కనిపించేది ఇక్కడే. జమ్మలమడుగు 15 కి.మీ. దూరం. లాడ్జి చవకగానే దొరుకుతుంది గానీ, సూర్యోదయానికి అరగంట ముందు అంచున ఉండాలంటే చీకటితోనే బయల్దేరాలి, ఆటో ముందురోజు రాత్రే మాట్లాడుకోవాలి. ప్రైవేటు గుడారాలు లోయకు దగ్గర. కానీ శని, ఆదివారాల్లో పాటల హోరు, మరుగుదొడ్లకు వరుస, చాలా వాటిలో చార్జింగ్ ప్లగ్గు ఉండదు. డబ్బు కట్టే ముందు ఆ మూడూ అడిగి తీరాలి. కోట దగ్గరి పర్యాటక సంస్థ హరితలో ఆర్భాటమేమీ ఉండదు, కానీ గది ఉంది, ప్లగ్గు ఉంది. ఫోటోల కోసం వెళ్లేవారికి మూడింట్లో అదే నయం. వారాంతాలకు ముందే బుక్ చేసుకోవాలి.

గుడారమే ఖాయమైతే 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు వెంట ఉండాలి. సోనీ ఎన్‌పీ-బీఎక్స్1 బ్యాటరీ 1,240 ఎంఏహెచ్, నష్టాలు పోను నాలుగైదు సార్లు నిండుతుంది. కెమెరాలోనే పెట్టి చార్జ్ చేస్తే ప్రతిసారీ రెండున్నర గంటలైనా పడుతుంది. జీ7ఎక్స్ మార్క్ 3 యూఎస్‌బీ-సి అయినా మామూలు ఫోన్ చార్జర్‌తో నిండదు, పవర్ డెలివరీ (పీడీ) ఉన్నది కావాలి. జీఆర్ 3 ఒక చార్జ్‌కు ఇచ్చేది సుమారు 200 ఫోటోలే, కనీసం మూడు బ్యాటరీలు ఉండాలి. ఈ ఊళ్లలో ఎక్కడా ఈ బ్యాటరీలు దొరుకుతాయని లెక్కపెట్టుకోవద్దు. చవక నకళ్లు కొన్నాళ్లకు ఉబ్బి కెమెరాలోనే ఇరుక్కుంటాయి. కార్డు 64 జీబీది చాలు, రా, జేపీఈజీ రెండూ కలిపినా వెయ్యికి పైగా ఫోటోలు పడతాయి.

తిరిగి వచ్చాక ముందు చూడాల్సింది దుమ్ము. జూమ్ కదిలినప్పుడల్లా సీమ ఎర్రమట్టి లోపలికి చేరే వీలుంది, జీఆర్ 3లో సెన్సర్‌ను దులిపే ఏర్పాటు ఉన్నా పూర్తి భరోసా కాదు. అపర్చర్‌ను (లెన్స్ రంధ్రాన్ని) ఉన్నంత చిన్నదిగా పెట్టి తెల్ల గోడను ఫోకస్ తప్పించి ఒక ఫోటో తీయాలి. ఎఫ్/2.8లో కనిపించని మచ్చలు అప్పుడు బూడిద చుక్కలుగా బయటపడతాయి. ఈ కెమెరాల లెన్స్ ఊడిరాదు కాబట్టి ఇంట్లో శుభ్రం చేసే వీలు లేదు. వాక్యూమ్ క్లీనర్ పెట్టి పీల్చే చిట్కాలు చెప్పేవాళ్లున్నారు, దానితో లెన్స్ గొట్టం పక్కకు ఒరిగి మొరాయించవచ్చు. సర్వీసు సెంటర్‌కు ఇచ్చేటప్పుడు ఆ తెల్ల గోడ ఫోటోను కూడా చూపించి, విప్పే ముందే ఖర్చు ఎంతో కాగితం మీద రాయించుకోవాలి.