డైమండ్ లైఫ్: ముప్పై ఏళ్లుగా వింటున్న ఆల్బమ్

హాస్టల్లో మా రూమ్మేట్ వాళ్ల అన్నయ్య దుబాయ్ నుంచి తెచ్చిన క్యాసెట్లలో ‘డైమండ్ లైఫ్’ ఒకటి. అట్ట మీద Sade అన్న పేరును మేమంతా ‘సేడ్’ అని చదివేవాళ్లం. దాన్ని షాడే అని పలకాలనీ, అది గాయని పేరే కాదు, మొత్తం బృందం పేరు కూడా అనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. రీలు అరిగిపోయి, ‘స్మూత్ ఆపరేటర్’ మొదట్లో ఆమె గొంతు వణికేదాకా విన్నాం. ఆ తర్వాత సీడీ కొన్నాను, ఇప్పుడు ఎల్పీ, అంటే గ్రామఫోన్ రికార్డు ఉంది. ఈ ఆల్బమ్‌ను హోటల్ లాబీలో సన్నగా వినిపించే సంగీతం అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: దీని నిండా డబ్బు గురించిన బెంగ ఉంది. అది నాకూ ఆలస్యంగానే వినిపించింది.

లండన్‌లోని పవర్ ప్లాంట్ స్టూడియోలో రాబిన్ మిల్లర్ నిర్మాతగా చేసిన రికార్డు ఇది, 1984లో విడుదలైంది. గాయని షాడే అడు నైజీరియాలో పుట్టి, ఇంగ్లండ్‌లో పెరిగి, లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ ఆర్ట్ కాలేజీలో ఫ్యాషన్ చదువుకుంది. గిటార్, సాక్సోఫోన్ స్టువర్ట్ మాథ్యూమన్‌వి, కీబోర్డ్ ఆండ్రూ హేల్‌ది, బాస్ పాల్ డెన్‌మన్‌ది. ఆల్బమ్ బ్రిటన్ అమ్మకాల పట్టికలో 2వ స్థానం దాకా వెళ్లింది. ‘స్మూత్ ఆపరేటర్’ మరుసటి ఏడాది అమెరికా హిట్ పాటల పట్టికలో 5వ స్థానానికి చేరింది.

అప్పటి హిట్ పాటల్లో సింథసైజర్లు, గోడలు అదిరే డ్రమ్ములు ఎక్కువ. ఇక్కడ ఖాళీ ఎక్కువ. ‘హ్యాంగ్ ఆన్ టు యువర్ లవ్’లో పాటను నడిపేది బాస్ గిటారే. మిగతా వాయిద్యాలు దానికి దారి ఇచ్చి పక్కన నిలబడతాయి. సోల్ (అమెరికా నల్లజాతివారి సంగీతం నుంచి వచ్చిన శైలి) గాయకులు చాలామంది ఒక్క అక్షరాన్ని పట్టుకుని పైకీ కిందికీ తిప్పుతారు. ఈమె అలా చేయదు. గొంతు పెంచాల్సిన చోట కూడా మాట్లాడినంత నెమ్మదిగా పాడి, మిగతాది సాక్సోఫోన్‌కి వదిలేస్తుంది. ‘యువర్ లవ్ ఈజ్ కింగ్’లో అది బాగా తెలుస్తుంది. మొదట్లో దీన్ని ఉదాసీనత అనుకున్నాను. ఇప్పుడు వింటుంటే నిబ్బరం అనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. సైడ్ ఏ మొదటి పాట ‘స్మూత్ ఆపరేటర్’లో ఒక అందగాడు ఊరూరా తిరుగుతూ ఆడవాళ్లను మోసం చేస్తుంటాడు. ‘డైమండ్ లైఫ్’ అనేది ఆ పాటలో అతని బతుకుకు వాడిన మాటే. అదే సైడ్‌లో చివరి పాట ‘వెన్ యామ్ ఐ గోయింగ్ టు మేక్ ఎ లివింగ్’. నేనెప్పుడు నాలుగు డబ్బులు సంపాదించుకుంటాను అని అడిగే పాట. అప్పుడు బ్రిటన్‌లో నిరుద్యోగులు 30 లక్షలకు పైనే. వజ్రాల్లాంటి జీవితంతో మొదలైన సైడ్ ఆకలితో ముగుస్తుంది. హాస్టల్లో ఆ పాటకి కాళ్లు కదిపేవాళ్లమే తప్ప మాటలు పట్టించుకోలేదు. చదువయ్యాక అమీర్‌పేటలో ఒక చిన్న గదిలో ఉండి, రెండేళ్లు ఉద్యోగం కోసం తిరిగినప్పుడు ఆ మాటలు అర్థమయ్యాయి. లొంగిపోం అని ఆమె పాడే చోట వాక్‌మన్ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినేవాణ్ని. నా వరకు ఈ ఆల్బమ్‌లో గొప్ప పాట ఇదే, ‘స్మూత్ ఆపరేటర్’ కాదు.

సైడ్ బి అంత గట్టిగా లేదు. ‘చెర్రీ పై’ ఆరు నిమిషాలు దాటుతుంది, నాలుగు నిమిషాలకే చెప్పాల్సింది అయిపోతుంది. ‘ఐ విల్ బి యువర్ ఫ్రెండ్’ బాగానే ఉంటుంది కానీ గుర్తుండదు. ఈ రెండింటి మధ్యలో ‘శాలీ’ ఉంది. దిక్కులేని మగవాళ్లను చేరదీసే ఒక స్త్రీ కథ అనుకుని ఏళ్లపాటు విన్నాను. ఇంగ్లండ్‌లో పేదలకు సాయం చేసే క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీని జనం ‘శాలీ ఆర్మీ’ అంటారని తెలిశాక, ఆ పాటలో వీధులు, చలి, అన్నం కోసం నిలబడ్డ మనుషులు కనిపించడం మొదలైంది. జీవనం గడిచేదెలా అని అడిగిన పాటకు ఇది తోబుట్టువు.

క్యాసెట్‌లో బాస్ ముద్దగా వినిపించేది. సీడీలో ప్రతి తీగా విడిగా తెలిసింది. ఎల్పీ నాకు ఇష్టం, కానీ ధర ఎక్కువ కాబట్టి అందరినీ కొనమనను. 2020లో లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియోలో మళ్లీ మాస్టరింగ్ చేసి (శబ్దాన్ని కొత్తగా సరిచేసి), బృందం ఆల్బమ్‌లన్నీ కలిపి ఎల్పీల బాక్స్ సెట్‌గా కూడా తెచ్చారు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. డెన్‌మన్ బాస్ మొత్తం మాయమైపోతుంది, ఇక మిగిలేది ఆ హోటల్ లాబీ సంగీతమే. మామూలు హెడ్‌ఫోన్స్ ఉన్నా చాలు.

పాటల వరస కూడా మార్చకండి. చివరి పాట ‘వై కాంట్ వి లివ్ టుగెదర్’ వీళ్లు రాసింది కాదు. వియత్నాం యుద్ధకాలంలో, 1972లో టిమ్మీ థామస్ ఒక ఆర్గాన్, ఒక రిథమ్ మెషీన్‌తో పాడిన పాట. ఇక్కడ గొంతు రావడానికి ముందు చాలాసేపు వాయిద్యాలే ఉంటాయి. ఆ కాసేపట్లో మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మా అమ్మాయికి పదహారేళ్లు, తనైతే ఫోన్ కూడా పక్కన పెట్టేస్తుంది.