అచ్చయిన పేపర్లో తప్పు దొరికితే: సవరణా, రిట్రాక్షనా, తీసేసి మళ్ళీ వేయడమా?

ఓ పరిశోధన పేపరు జర్నల్లో వచ్చేసింది. ఆర్నెల్లకు మూడో టేబుల్లో రెండు గ్రూపుల అంకెలు తారుమారయ్యాయని తెలిసింది. చాలామంది స్కాలర్లు, గైడ్‌లు ముందు వెతికేది రిట్రాక్షన్ (పేపరును వెనక్కి తీసుకుంటున్నట్టు జర్నల్ ప్రకటించడం) తప్పించుకునే దారి. కానీ తేల్చుకోవాల్సింది వేరు: సరైన అంకెలతో లెక్క మళ్ళీ కడితే, పేపరు చివర చెప్పిన మాట నిలుస్తుందా, నిలవదా?

నిలిస్తే సవరణ చాలు. అచ్చులో జర్నల్ చేసిన పొరపాటైతే ఎర్రాటమ్ అని, రచయితలదైతే కారిజెండమ్ అని చాలా జర్నళ్ళు అంటాయి. సవరణ నోటుకు సొంత తేదీ ఉంటుంది, అసలు పేపరుకు లింకు ఉంటుంది. ఎడిటర్‌కు రాసే ఉత్తరంలో ఏ టేబుల్, ఏ గడి, పాత విలువ ఎంత, కొత్తది ఎంత, తప్పు ఎలా దొర్లింది, ముగింపు మారుతుందా అన్నవన్నీ ఉండాలి. వెబ్‌సైట్లో ఫైలు మాత్రం చడీచప్పుడు లేకుండా మార్చేయమని అడగకూడదు. పాత పీడీఎఫ్ దింపుకున్నవాళ్ళు పాత అంకెలతోనే తమ లెక్కలు కడతారు. ఒకే పేపర్లో నాలుగు బొమ్మలు, రెండు టేబుళ్ళు మార్చి "ముగింపులో మార్పు లేదు" అనే భారీ సవరణలూ మంచివి కావు. ఆ కొత్త డేటాను రివ్యూయర్లు (అచ్చుకు ముందు పేపరును పరిశీలించే తోటి నిపుణులు) చూడనే లేదు కదా.

ముగింపు నిలవకపోతే రిట్రాక్షనే. ప్రచురణ నీతి మీద 1997 నుంచి పనిచేస్తున్న కోప్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం దీని ఉద్దేశం రచయితను శిక్షించడం కాదు, రికార్డును సరిదిద్దడం. డేటా కల్పించినా, నిజాయితీగా పొరబడినా, ఫలితం నమ్మదగనిదైతే తీయాల్సిందే. 2018లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ బృందం 2019లో సైన్స్ పత్రికలో వేసిన ఎంజైముల పేపరును 2020 జనవరిలో తానే వెనక్కి తీసుకుంది. ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. ల్యాబ్ నోట్‌బుక్‌లో కీలక ప్రయోగాల నమోదులు, రా డేటా (మార్పులు చేయని అసలు డేటా) కనిపించలేదు. ఆ సంగతి రిట్రాక్షన్ నోటులోనే రాశారు. అలా కారణం విప్పి చెప్పని నోటుతో ఎవరికీ మేలు లేదు: తోటి పరిశోధకులకు ఏ భాగాన్ని నమ్మాలో తెలియదు, రచయిత మీద లేని అనుమానమూ పుడుతుంది. రిట్రాక్టయిన పేపరును మామూలుగా చెరిపేయరు. అదే డీఓఐతో (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యతో), "రిట్రాక్టెడ్" ముద్రతో అక్కడే ఉంచుతారు.

ఈ రెంటికీ నడుమ ఇంకో దారి ఉంది: పేపరును తీసేసి, సరిచేసిన పాఠాన్ని మళ్ళీ రివ్యూ చేయించి వేయడం. తప్పు పెద్దదే, కానీ నిజాయితీగా దొర్లింది, లెక్క కట్టి చూస్తే అసలు విషయం చాలావరకు నిలుస్తుంది అన్నప్పుడు నా ఓటు దీనికే. ఆలివ్ నూనె, గింజల ఆహారం మీద 7,447 మందితో స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ ట్రయల్‌ను న్యూ ఇంగ్లాండ్ జర్నల్ అనే వైద్య పత్రిక 2013లో వేసింది. ఎవరు ఏ గ్రూపులో ఉండాలో లాటరీతో తేల్చాల్సిన ట్రయల్ అది. కొన్నిచోట్ల ఒకే ఇంట్లోని రెండో వ్యక్తిని లాటరీ లేకుండా అదే గ్రూపులో చేర్చారని, ఒక కేంద్రంలో మనిషికి కాక క్లినిక్‌కు ఆహారం కేటాయించారని తర్వాత బయటపడింది. 2018లో పాతదాన్ని తీసేసి కొత్త పాఠం వేశారు. 1,588 మందిని పక్కన పెట్టి చూసినా ఫలితం దాదాపు అదే వచ్చింది, కానీ ముగింపు మాట తీరును మెత్తబరిచారు. ఇంత మార్పును సవరణ నోటులో ఇరికించి ఉంటే చదివేవాళ్ళకు ఏమీ అర్థమయ్యేది కాదు.

ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ కన్సర్న్ వీటితో పోటీ పడేది కాదు. విచారణ తేలేదాకా పాఠకులను హెచ్చరించే బోర్డు అది; ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే అన్యాయం.

ఏ దారైనా పని వరస ఒకటే. ముందు రా డేటాను ఎవరూ ముట్టకుండా కాపీ తీసి దాచాలి. అసలు విశ్లేషణ చేయని మరో సభ్యుడితో లెక్క మళ్ళీ చేయించాలి. సహరచయితలందరికీ ఒకే మెయిల్లో చెప్పి, లిఖితపూర్వకంగా అభిప్రాయం తీసుకున్నాకే ఎడిటర్‌కు రాయాలి. ఎవరైనా ఒప్పుకోకపోతే పని ఆపనక్కర్లేదు. ఆ సంగతీ ఎడిటర్‌కు చెబితే నోటులో పేర్కొంటారు. ఆ పేపరు పీహెచ్‌డీ థీసిస్‌లో అధ్యాయమై శోధగంగలో (భారతీయ యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే ఆన్‌లైన్ భాండాగారంలో) ఉంటే, యూనివర్సిటీకి విడిగా తెలపాలి. జర్నల్ నోటు అక్కడి ఫైలును మార్చదు.