ఒకే ఆల్బమ్, ఐదు రికార్డులు: బరంపురంలో పదిహేనేళ్ళు విన్నాక

పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటన్ రాక్ బ్యాండు 1973లో తెచ్చిన ఆల్బమ్ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్‌వి నా దగ్గర ఐదు రికార్డులున్నాయి. ఐదూ అదే ఆల్బమ్, అవే పాటలు, కాకపోతే ఒక్కోటి ఒక్కో చోట, ఒక్కో కాలంలో ప్రెస్ చేసింది, అంటే అచ్చుతో నొక్కి తయారుచేసింది. ఇంటికొచ్చినోళ్ళు చూసి "ఒకటుంటే చాలదా బాబూ" అంటారు, వాళ్ళకి మాటల్తో చెప్పేకంటే రెండు వాయించి వినిపించడం సులువు. ఈ పని మొదలెట్టి పదిహేనేళ్ళు దాటింది, అదీ ఒడిశా బరంపురంలో, గోపాల్‌పూర్ ఉప్పుగాలి తగిలే ఇంట్లో, అందుకని ఏది కొనాలో ఒకటే కాదు, కొన్నాక ఎలా కాపాడుకోవాలో కూడా నాకు తెలిసినంతలో రాస్తున్నా.

మొదటిది మా మావయ్య ఇచ్చింది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవాడు, అక్కడ మనోళ్ళు ఎంతమందో తెలిసిందే కదా, జీతం పడిన ఆదివారం కలకత్తా వెళ్ళి ఎల్పీ కొనుక్కునేవాడు. అలా డెబ్భైల్లో కొన్నది ఇది, గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియాది, దమ్‌దమ్‌లో ప్రెస్ అయింది. ఆయన ప్లేయరు పాడయ్యాక ఇరవై ఏళ్ళ పైన బీరువా మీదే పడుంది. 2008 దసరాకి వచ్చినప్పుడు "నువ్వు వింటావు కదరా, ఉంచుకో" అని నా చేతిలో పెట్టేడు.

ఈ ఆల్బమ్ ఎలా మొదలవుతుందో విన్నోళ్ళకి తెలుసు. ముందు ఏమీ వినపడదు, తర్వాత ఎక్కడో దూరం నుంచి గుండె కొట్టుకున్నట్టు దబ్ దబ్ మని మెల్లగా పైకి లేస్తుంది. అది నిజం గుండె కాదు, బ్యాండు డ్రమ్మరు నిక్ మేసన్ కొట్టిన బేస్ డ్రమ్ము. నేను ఏ ప్రెస్సింగునైనా చూసేది ముందు ఇక్కడే. ఆ నిశ్శబ్దంలో రికార్డు దాచుకోలేదు, దుమ్ము ఉంటే దుమ్ము, అరిగితే అరుగుడు, అన్నీ బైటపడిపోతాయి. మావయ్య రికార్డులో గుండె కంటే ముందు చిటపటలు వినపడతాయి, పాత ప్లేయరు బరువైన ముల్లు కింద అన్నేళ్ళు తిరిగింది మరి. కానీ ఆ చిటపట వెనకాల గొంతులు ఎంత దగ్గరగా ఉంటాయంటే, నేను రాత్రి లైటు తీసేసి వినేది ఎక్కువగా ఇదే.

రెండో పరీక్ష మొదటి వైపు ఆఖరి పాట, ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై. రికార్డు నిమిషానికి 33 చుట్ల చొప్పునే తిరుగుతుంది గానీ లేబుల్ దగ్గరికొచ్చేకొద్దీ చుట్టు చిన్నదైపోయి ముల్లు కింద గాడి నెమ్మదిగా నడుస్తుంది, దాంతో పెద్ద గొంతులు, గట్టి శబ్దాలు చీలిపోతాయి. క్లేర్ టోరీ అనే గాయని మాటలే లేకుండా గొంతెత్తి పాడింది సరిగ్గా ఆ ఇరుకు జాగాలోనే. అరిగిన కాపీలో ఆవిడ గొంతు చిరిగిన స్పీకర్లోంచి వచ్చినట్టు ఉంటుంది. ఆవిడ సంగతే ఇంకోటి, పాత లేబుళ్ళ మీద ఆ పాట కట్టినవాళ్ళ దగ్గర బ్యాండులో కీబోర్డు వాయించిన రిచర్డ్ రైట్ పేరొక్కటే ఉంటుంది, ఆవిడ కోర్టుకెళ్ళి 2005లో రాజీ కుదిరేక కొత్త ప్రెస్సింగుల్లో ఆవిడ పేరు కూడా వేస్తున్నారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఆ పేరు చూసినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది.

రెండో రికార్డు బ్రిటన్‌ది, 2011లో కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో, 1500కి కొన్నది. రాత్రి రైలెక్కి పొద్దున్నే హౌరాలో దిగి సరాసరి అక్కడికే వెళ్ళేను. కొట్టాయన బెంగాలీలో చెప్పేవాడు, నేను ఒడియాలో అడిగేవాణ్ణి, ఇద్దరికీ అర్థమైపోయేది. లేబుల్ చుట్టూ పాట లేని నల్లటి ఖాళీ ఉంటుంది చూడండి, దాన్ని టార్చి వేసి చదవడం నాకు నేర్పింది ఆ దాదాయే. బ్రిటన్ ఈఎంఐ కంపెనీ రికార్డుల్లో, గడియారం లెక్కన, ఆరు దగ్గర మ్యాట్రిక్స్ నంబరు (ఆ వైపు గాడి చెక్కిన మూలానిది), తొమ్మిది దగ్గర మదర్ అంకె (అచ్చులు తీసే లోహపు నమూనాది), మూడు దగ్గర స్టాంపర్ అక్షరాలు (రికార్డుని నొక్కే లోహపు అచ్చువి) ఉంటాయి. ఆ అక్షరాలు కూడా అంకెలేనట, జి అంటే 1, ఆర్ 2, ఏ 3, తర్వాత వరసగా ఎం, ఓ, పి, హెచ్, ఎల్, టి, చివర డి అంటే సున్నా. కలిపి చదివితే గ్రామోఫోన్ లిమిటెడ్‌ని కుదించినట్టు వస్తుంది! అది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఇంట్లో ఉన్న బ్రిటన్ రికార్డులన్నీ తిప్పి తిప్పి చదివేను. ఒక్క మాట మాత్రం, నంబరు చిన్నదైతే స్టాంపర్ ముందు తయారైందని అర్థం అంతే, మీ కాపీ బాగా వినపడుతుందని గ్యారంటీ ఏమీ లేదు.

1973 నాటి మొట్టమొదటి బ్రిటన్ ప్రెస్సింగ్‌లో లేబుల్ మీద త్రికోణం నిండా నీలం రంగు ఉంటుంది, ఎస్‌హెచ్‌వీఎల్ 804 అనే కేటలాగు నంబరుతో. తర్వాతి వాటిలో గీత మాత్రమే, నాది ఆ గీతదే. నిండు నీలం దాన్ని కలకత్తాలో ఒక పెద్దాయన ఇంట్లో ఒక్కసారి విన్నాను, లోపల రెండు పోస్టర్లు, రెండు స్టిక్కర్లు కూడా ఉన్నాయి. బేస్ గిటారు నేలలోంచి వస్తున్నట్టుంది. నాదానికంటే బాగుంది, కాదనను, కానీ ఆయన చెప్పిన ధరకి ఆ తేడా సరిపోదు, ఆ డబ్బుల్తో ముందు మంచి ముల్లు మార్చుకోండి అంటాను.

మూడోది అమెరికాది, 2014లో ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర కొన్నా. కొత్తదానిలాగే ఉందని రాసేడు, వచ్చేసరికి టైమ్ పాట మీద అడ్డంగా గీత. డబ్బులు వెనక్కి రాలేదు. ఆ గీత వల్ల అమెరికా ప్రెస్సింగ్ ఎలా ఉంటుందో నేను ఖచ్చితంగా చెప్పలేను, కాబట్టి చెప్పను.

నాలుగోది 2016లో వచ్చిన 180 గ్రాముల రికార్డు, జేమ్స్ గత్రీ, జోయెల్ ప్లాంటే, బెర్నీ గ్రండ్‌మన్ మాస్టరింగ్ (రికార్డు చెక్కే ముందు సౌండు ఆఖరిసారి సర్దడం) చేసింది, నాకు 2,800 పడింది. 180 గ్రాములంటే బరువే, ఆ బరువుతోనే సౌండు బాగైపోదు. కానీ ఇందులో మొదటి నిశ్శబ్దం నిజంగా నిశ్శబ్దం, గుండె చీకట్లోంచి వస్తుంది. మనీ పాటలో బేస్ గిటారు చాలామటుకు ఏడేసి లెక్కల్లో నడుస్తుంది కదా, ప్రతి దెబ్బా విడివిడిగా వినపడుతుంది. ఒక్కటే కొనేవాళ్ళు ఇదే కొనండి, ఇంకో ఆలోచన వద్దు.

ఐదోది జపాన్ తోషిబా ఈఎంఐది, 2019లో మా పెద్దమ్మగారబ్బాయి అక్కడికెళ్ళినప్పుడు తెచ్చేడు. జపాను అక్షరాల్తో పాటల కాగితం, కవరుకి నిలువుగా కాగితం పట్టీ, ముట్టుకోడానికే భయమేస్తుంది. టైమ్‌లో గడియారాలన్నీ ఒక్కసారి మోగేటప్పుడు ఒక్కో గంటా దేనికదే వినపడుతుంది. బేస్ మాత్రం నా చెవికి కాస్త తక్కువ. పగలు వినడానికి బాగుంటుంది.

ఇక మన ఊరి సంగతి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా, మా కిటికీ అద్దాలు పోయి గది నిండా నీళ్ళు. రికార్డుల కింది అర మునిగింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాను లేదు, అమ్మా నేనూ ఒక్కో రికార్డు తీసి మంచినీళ్ళతో కడిగి గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరబెట్టేం. రికార్డుకి ఏమీ కాలేదు, ప్లాస్టిక్ కదా. కవర్లు మాత్రం ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దయ్యాయి, మావయ్య కవరుతో సహా.

అప్పట్నుంచి కింది అర ఖాళీగానే ఉంచుతున్నా, గోడకి జానెడు దూరం, లోపల కాగితం కవర్లు తీసేసి ప్లాస్టిక్‌వి. కాగితం తేమ పీల్చి బూజు పట్టిస్తుంది. కడగడానికి డిస్టిల్డ్ వాటర్‌లో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుతాను, కానీ ఇంట్లో తాతలనాటి 78 స్పీడు రికార్డులుంటే వాటి మీద ఇది పొరపాటున కూడా వెయ్యొద్దు, అవి లక్కవి, ఆల్కహాల్‌కి కరిగిపోతాయి.

మావయ్య రికార్డు ఇప్పుడు తెల్ల కవర్లో ఉంది. దమ్‌దమ్ ప్రెస్సింగ్‌ది ఖాళీ కవరు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, చిరిగినా, పేర్లు రాసున్నా పర్లేదు, కవరు మీది ఆ పట్టకం, దాంట్లోంచి వచ్చే ఆరు రంగులు కనపడితే చాలు. ఈ దసరాకి ఆయన వచ్చేలోపు దొరికితే బాగుణ్ణు.