“ఎదుటివాడి ముక్కలు చెప్పేస్తాం” అనే కోర్సులు: కొనేముందు జాగ్రత్త

కాలిఫోర్నియా, నెవాడా కార్డ్ రూముల్లో 3-6, 4-8 డాలర్ల లిమిట్ హోల్డెమ్ (ఒక్కో బెట్ ఎంతో ముందే ఖాయమై ఉండే పోకర్) ఆడే మనవాళ్ల కోసం ఈ హెచ్చరిక. హ్యాండ్ రీడింగ్ (ఎదుటివాడి ముక్కలు అంచనా వేయడం) కోర్సనీ, ఎవరి దగ్గర ఏ ముక్కలుండొచ్చో గళ్లలో చూపే చార్టుల పీడీఎఫ్ అనీ, వీడియోల ప్యాకేజీ అనీ అమ్మేవాటిలో చాలావరకు మీరు ఆడే టేబుల్‌కి పనికిరావు. చెప్పే లెక్క తప్పని కాదు, అది వేరే ఆట లెక్క.

కొనేముందు శాంపిల్ పేజీలు అడిగి తీసుకోండి. అందులో “పాట్‌లో (మధ్యలో పోగైన డబ్బులో) మూడోవంతు బెట్ చేస్తే ఇలాంటి ముక్కలు, పాట్ మొత్తం చేస్తే అలాంటివి” అని ఉంటే అక్కడే ఆగిపోండి. అది నో-లిమిట్ (ఎంతైనా బెట్ చేయగల ఆట) పాఠం. 4-8 ఆటలో ఫ్లాప్ (బోర్డు మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) దాకా బెట్ 4 డాలర్లు, టర్న్ (నాలుగో ముక్క) నుంచి 8. ఆసుల జత ఉన్నా, చేతిలో ఏమీ లేకపోయినా పెట్టేది అంతే. బెట్ సైజు నుంచి మీకు తెలిసేది సున్నా. ఎవరు, ఎక్కడ కూర్చుని, ఎంతమంది మీదకి, ఎన్నోసారి రెయిజ్ చేశారన్నదే (బెట్ పెంచారన్నదే) చూడాలి.

రెండో మోసం: “రెయిజ్‌ని కాల్ చేశాడంటే (అంత డబ్బూ కట్టాడంటే) రాజు-ఏడు ఉండే అవకాశమే లేదు” అని చార్టులో ఆ గడిని కొట్టేయడం. చిన్న లిమిట్‌లో ఒకే రంగు (రెండూ ఆఠీన్లో, రెండూ ఇస్పేట్లో) ముక్కలు రెండు పడితే చాలు, ఆడేవాళ్లు టేబుల్‌కి నలుగురుంటారు. ఫ్లాప్‌లో రెండు ఆఠీన్లు పడ్డాయి, మీ దగ్గర ఆఠీను లేదు అనుకోండి. మిగిలిన 11 ఆఠీన్లతో 55 జతలు కుదురుతాయి. మీకు కనిపించని 47 ముక్కలతో మొత్తం 1,081 జతలు. అంటే ఒక్కొక్కరి దగ్గర ఫ్లష్ డ్రా (ఇంకో ఆఠీను పడితే ఐదూ ఒకే రంగు అయ్యే చేయి) ఉండే అవకాశం ఐదు శాతం. ఐదుగురు ఎదురుంటే ఎవరో ఒకరి దగ్గర ఉండేది దాదాపు నాలుగింట ఒకసారి. అదీ ఏ ముక్కలైనా ఆడేవాళ్లనుకుంటే. ఒకే రంగు ముక్కలు ఏరి ఆడేవాళ్లతో అది ఇంకా పెరుగుతుంది. ఈ లెక్క లేకుండా గళ్లకి రంగులేసిన చార్టు గోడకి అతికించుకోవడానికి బాగుంటుంది.

సరైన కోర్సులో ఉండాల్సింది ఇదిగో ఇలాంటి పని. రోజంతా కాల్ తప్ప ఇంకేమీ చేయని పెద్దమనిషి ఫ్లాప్‌కి ముందు రెయిజ్ చేశాడు. ఆసుల జత, రాజుల జత, రాణుల జత, ఆసు-రాజు, ఈ నాలుగింటితోనే అలా చేస్తాడని మీకు తెలుసు. ఏ ముక్కా కనిపించకముందు ఇవి కుదిరే రకాలు వరుసగా 6, 6, 6, 16. మీ దగ్గర ఆసు-రాణి. బోర్డు మీద ఆసు, తొమ్మిది, నాలుగు, అన్నీ వేర్వేరు రంగులు. ఇప్పుడు మిగిలిన ఆసులు రెండే, కాబట్టి ఆసుల జత 1, ఆసు-రాజు 8, రాణుల జత 3, రాజుల జత 6. మిమ్మల్ని కొట్టేవి 9, మీరు కొట్టేవి 9. సరిగ్గా సగానికి సగం.

టర్న్‌లో ఏడు పడింది. మీరు 8 బెట్ చేశారు, ఆయన 16 చేశాడు. ఫ్లాప్‌కి ముందు నలుగురు తలో 8, ఫ్లాప్‌లో మీరిద్దరూ చెరో 4 వేశారు కాబట్టి, టర్న్‌లోని 24 కలిపి పాట్‌లో 64. టేబుల్ తీసుకునే రేక్ (కమీషన్) వదిలేద్దాం. మీరు ఇప్పుడు 8, రివర్‌లో (ఐదో ముక్క పడ్డాక) ఇంకో 8 కట్టాలి. రివర్‌లో ఆయన వేసే 8 కలిపి 72 కోసం 16, అంటే ఐదున్నర సార్లలో ఒకసారి గెలవాలి. బోర్డు మీద ఆసు చూస్తూ కూడా ఈ మనిషి రాజుల జతతో, రాణుల జతతో ఐదింట ఒకసారైనా రెయిజ్ చేస్తాడా? చేయడనిపిస్తే ఫోల్డ్ (ముక్కలు పడేయడం). ఇక్కడ పనిచేసింది సగం లెక్క, సగం ఆ మనిషి అలవాటు. అదే రెయిజ్ ప్రతి చేతికీ రెయిజ్ కొట్టే కుర్రాడి దగ్గర్నుంచి వస్తే కాల్ చేయాల్సిందే.

రివర్‌లో మాత్రం వేరు. పాట్‌లో 64 ఉండి 8కి కాల్ అయితే తొమ్మిదింట ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. “ముక్కలు చదివి గొప్పగా ఫోల్డ్ చేయండి” అని నేర్పే వీడియోలు జేబుకి చిల్లు పెట్టేది ఇక్కడే. నూటికి దాదాపు తొంభై సార్లు ఓడిపోతానన్న నమ్మకం ఉంటే తప్ప ఫోల్డ్ లాభం కాదు. కళ్లు, చేతుల వణుకు చూసి అంత నమ్మకం రాదు.

డబ్బు వాపసు షరతు కూడా చదవండి. “10,000 చేతులు (పంపకాలు) ఆడి చూపిస్తే రీఫండ్” అని ఉంటే, కార్డ్ రూములో గంటకి ముప్ఫై చేతుల చొప్పున అది మూడు వందల గంటల పైమాటే. కార్డు కంపెనీ దగ్గర అభ్యంతరం పెట్టే గడువు ఈలోగా దాటిపోవచ్చు.

అన్నిటికంటే చెడ్డది “ఎదుటివాడి ముక్కలు చూపించే యాప్”. అబ్సొల్యూట్ పోకర్, అల్టిమేట్‌బెట్ సైట్లలో ముక్కలు చూసిన మాట నిజమే, 2007-08లో బయటపడింది. అయితే అది లోపలివాళ్ల పని, సర్వర్ దగ్గర జరిగింది. బయట కొనుక్కున్న యాప్‌తో అయ్యేది కాదు. పైగా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, 2025లో పార్లమెంటు డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి కాబట్టి, అక్కడ మోసపోయినవాళ్లు ఫిర్యాదుకి జంకుతారని అమ్మేవాడికి తెలుసు.

ఆ యాప్‌ని ఫోన్‌లో ఎక్కించే ఏపీకే ఫైలు ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ అనుమతులు అడుగుతుంది. ఇస్తే మీ ఓటీపీలు వాడి చేతికెళ్తాయి. ఇప్పటికే ఎక్కించి ఉంటే ముందు నెట్ ఆపండి, ఆ అనుమతులు తీసేసి యాప్ తొలగించండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి. డబ్బు పోయి ఉంటే ఇండియాలో వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, అమెరికాలో కార్డు వెనక ఉన్న నంబరుకి.